పని కాకినాడలో, లెక్క కోనసీమలో

సంపాదకుల వారికి నమస్కారం.

కోనసీమలో నిరుద్యోగం పెద్దగా లేదన్న మాట ఈ మధ్య సభల్లో తరచూ వినబడుతోంది. మా మండలంలో జరిగిన ఒక జాబ్ మేళాలో వేదిక మీదున్న పెద్దమనిషి ఒకాయన, "ఇక్కడ ఇంటికొక ఉద్యోగస్తుడు ఉన్నాడండీ, అదృష్టవంతులు" అన్నారు. ఉన్నమాటే. దాదాపు ప్రతి ఇంట్లో ఒకరు పనికి వెళ్తున్నారు. ఆ పని మాత్రం మా ఊళ్ళో లేదు, మా మండలంలో లేదు, చాలామందికి మా జిల్లాలోనే లేదు. నిరుద్యోగాన్ని లెక్కపెట్టేటప్పుడు ఈ తేడా ఎక్కడా కనబడటం లేదన్నదే నా ఫిర్యాదు. ఉత్తరం పొడుగైతే మీరు కత్తిరించుకోండి, కానీ బస్సుల సంగతి మాత్రం తీసేయకండి.

నేను ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఆడవాళ్ళని కండక్టర్లుగా తీసుకోవడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో చేరినదాన్ని. అమలాపురం, ముమ్మిడివరం, యానాం, కాకినాడ ఒక వైపు. రావులపాలెం మీదుగా రాజమండ్రి ఇంకో వైపు. రాజోలు, చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం మరో వైపు. నా సర్వీసంతా ఈ రోడ్ల మీదే గడిచింది. కండక్టరుకి ప్రయాణికుల పేర్లు తెలియవు. ఎవరు ఏ స్టేజీలో ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో, చేతిలో ఏం పట్టుకుని ఎక్కుతారో మాత్రం బాగా తెలుస్తుంది. రోజూ ఎక్కే మనిషి వారం పాటు కనబడకపోతే ఒంట్లో బాగాలేదో, పని పోయిందో పక్క సీటువాళ్ళ మాటల్లోనే తెలిసిపోతుంది.

పల్లెలో రాత్రి ఆగి, తెల్లారకముందే బయలుదేరే నైట్ హాల్ట్ బస్సునే తీసుకోండి. ముందు ఎక్కేది తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్ళు. సంచిలో తాపీ, రసమట్టం, వాటి మీద అన్నం క్యారేజీ. తరవాత నర్సింగ్ చదివి కాకినాడ ప్రైవేటు ఆసుపత్రుల్లో చేసే పిల్లలు. ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయాలు, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు. ముమ్మిడివరం, మురమళ్ళ వచ్చేసరికి బట్టల షాపుల అమ్మాయిలు ఎక్కుతారు. కాకినాడ మెయిన్ రోడ్డులో పొద్దుట షట్టరు తీసేవేళకి అక్కడ ఉండాలి, రాత్రి చివరి బేరం అయ్యేదాకా కూర్చోవడానికి స్టూలు కూడా ఉండదు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయేవారు. స్టేజీ వస్తే నేనే లేపేదాన్ని. వాళ్ళ జీతంలో నాలుగో వంతు బస్సు టికెట్లకే పోయేది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకి టికెట్ డబ్బు తగ్గింది, అది నిజంగా మంచి పని. ఇప్పుడు నేనూ గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకునే ప్రయాణికురాలినే.

అదే రోడ్డు మీద తొమ్మిది గంటలప్పుడు ఎదురుగా వచ్చే బస్సులో ఎవరుంటారు? రాజమండ్రి, కాకినాడల్లో కాపురం ఉండి మా పల్లెల్లో ఉద్యోగం చేసే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, సచివాలయం సిబ్బంది, ఆఫీసుల వాళ్ళు. వాళ్ళని తప్పుపట్టడం లేదు. పిల్లల చదువులు పట్నంలో ఉంటాయి, భార్యాభర్తల ఉద్యోగాలు రెండు చోట్ల ఉంటాయి, ట్రాన్స్‌ఫర్లు ఎవరి చేతిలోనూ ఉండవు. ఇక మా నేల కింది గ్యాస్ తోడే రిగ్గుల దగ్గరికి సిబ్బంది కంపెనీ బండ్లలోనే వచ్చి బండ్లలోనే వెళ్ళిపోతారు, వాళ్ళకి నా బస్సుతో పనే లేదు. ఊళ్ళో ఉన్న నెల జీతం ఉద్యోగాల్లో చాలావాటికి మనుషులు బయటి నుంచి వస్తారు, ఊళ్ళో ఉన్న మనుషులు బయటికి పోతారు. రెండు బస్సులూ ఎదురెదురుగా, రెండూ నిండుగా వెళ్తాయి.

ఇప్పుడు లెక్కకి వద్దాం. కేంద్ర ప్రభుత్వం 2017 నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే శ్రామిక సర్వే చేస్తోంది. అంతకుముందు ఐదేళ్ళకోసారి పెద్ద సర్వే ఉండేది, చివరిది 2011-12లో. పదిహేనేళ్ళు నిండినవాళ్ళలో పని చేస్తున్నవాళ్ళూ, పని కావాలని చూస్తున్నవాళ్ళూ కలిపి శ్రామిక బలం. అందులో పని దొరకనివాళ్ళు నూటికి ఎంతమందో అదే నిరుద్యోగ శాతం. దేశం మొత్తానికి ఇది 2017-18లో 6.0 ఉంటే 2023-24 నాటికి 3.2కి దిగింది. ఆ అంకెల మీద కొట్లాడటం నా పని కాదు. నేను పట్టుకున్న సంగతి ఒకటే: ఈ లెక్కలో మనిషి ఎక్కడ ఉంటే అక్కడ లెక్క. రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నదే ముఖ్యం, పగలు ఎక్కడ పని చేస్తాడన్నది కాదు. మురమళ్ళ అమ్మాయి కాకినాడ షాపులో నిలబడినంతకాలం ఆమె ఉద్యోగం కోనసీమ ఖాతాలో జమ.

మా అమ్మాయి స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. నా బస్సు కబుర్లు వినీ వినీ విసుగొచ్చి, ఒక రోజు కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఒక ఊరు అనుకోండి. పని చేయగలిగి, చేయాలనుకునేవాళ్ళు 1,000 మంది. వాళ్ళలో 40 మందికి పని లేదు. మిగతా 960 మందిలో 560 మంది రోజూ బయటికి పోతారు, 400 మంది ఊళ్ళోనే చేస్తారు. బయటి నుంచి ఇంకో 100 మంది వచ్చి ఊళ్ళో ఉద్యోగాలు చేసి పోతారు. అంటే ఊళ్ళో ఉన్న పనులు మొత్తం 500. ఇప్పుడు ఊరి నిరుద్యోగం ఎంత? ఇళ్ళ లెక్కన 1,000కి 40, అంటే 4 శాతం. కాస్త మంచి ఊరే. అదే 40 మందిని ఊళ్ళో ఉన్న పనులతో పోల్చి చూస్తే 540కి 40, అంటే 7.4 శాతం. మనుషులు మారలేదు, పని లేనివాళ్ళ సంఖ్యా మారలేదు, కింద పెట్టే అంకె ఒక్కటే మారింది.

"ఇందులో ఏది నిజం?" అని అడిగాను. "రెండోది తప్పమ్మా, మనుషులని ఇంటి దగ్గరా పనులని షాపు దగ్గరా లెక్కపెట్టి ఒకదాన్ని ఇంకోదానితో భాగించకూడదు. పొద్దున్నే అందరూ బయటికి పోయే ఊళ్ళకి లేని నిరుద్యోగం పుడుతుంది, పట్నాలకి ఉన్నది తగ్గిపోతుంది" అంది. సరే, ఒప్పుకున్నాను. కానీ మొదటిది చెప్పేది కూడా సగమే కదా. ఆ ఊళ్ళో వెయ్యిమందికి ఐదొందల పనులే ఉన్నాయన్న సంగతి ఆ 4 శాతంలో ఎక్కడుంది? ఈ ఊరి మనుషులకి పని ఉందా అన్నది ఒక ప్రశ్న. ఈ ఊళ్ళో పని ఉందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు వచ్చింది కాబట్టి రెండోది అడగక్కర్లేదన్నట్టు సభల్లో మాట్లాడేస్తున్నారు.

దీనివల్ల నష్టమేంటి అంటారా? చెప్తాను. 4 శాతం చూసి ఇక్కడ పరిశ్రమ అక్కర్లేదనుకునేవాళ్ళు ఉంటారు. 7.4 చూసి వెంటనే ఇక్కడో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేద్దామనేవాళ్ళూ ఉంటారు. నా దృష్టిలో ఇద్దరూ తొందరపడినట్టే. ఆ 560 మందికి కావాల్సింది చాలా సార్లు ఫ్యాక్టరీ కాదు, పొద్దున ఐదుంబావుకి ఒక బస్సు, రాత్రి పదింటికి ఇంకో బస్సు. పొరుగు పట్నంలో పని ఉండటం తప్పేమీ కాదు. మా తాతల కాలంలో పడవల మీద పోయేవారు, మేం బస్సుల మీద పోతున్నాం. పోయేది ఎంతమందో, ఎటో తెలిస్తే బస్సు వేయాలో, వంతెన కట్టాలో, పని తేవాలో తెలుస్తుంది. ఒక్క శాతం చేతిలో పెట్టుకుని ఇవేవీ తేలవు.

జిల్లాలు చిన్నవైన కొద్దీ ఈ చిక్కు పెరుగుతోంది. 2022 ఏప్రిల్ 3 దాకా అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళినా, రావులపాలెం నుంచి రాజమండ్రి వెళ్ళినా అంతా తూర్పు గోదావరి జిల్లాయే. మనిషీ పనీ ఒకే జిల్లాలో ఉండేవి కాబట్టి జిల్లా అంకెకి ఎంతోకొంత అర్థం ఉండేది. మర్నాడు పొద్దుట అదే బస్సు, అదే సీటు, అదే టికెట్ ధర; కానీ మనిషి కోనసీమలో, పని కాకినాడ జిల్లాలో. ఇక మా రాజోలు వాళ్ళ సంగతి మొదటి నుంచీ అంతే. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, అది ఎప్పుడూ పశ్చిమ గోదావరే. సఖినేటిపల్లి వాళ్ళు పంటు పడవ ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటితే నరసాపురం, అదీ అంతే. 2025 జనవరి నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్ పద్ధతి మార్చి, శాంపిల్‌ని సుమారు 2.72 లక్షల ఇళ్ళకి పెంచి, జిల్లాని ప్రాతిపదిక చేశారు. నెలనెలా అంకెలు వస్తున్నాయి. మంచిదే. రేపు జిల్లాకో నిరుద్యోగ శాతం కూడా బయటికి వస్తుంది. ఆ రోజు కోనసీమ, కాకినాడ అంకెలు పక్కపక్కన వేసి మా జిల్లా గొప్ప, మీ జిల్లా గొప్ప అనుకుంటారేమోనని నా భయం. పొద్దున్నే కోనసీమ నుంచి నిండుగా వెళ్ళిన బస్సే కాకినాడ షాపులని నడుపుతోంది, మా అంకెని తగ్గిస్తోంది.

యానాం సంగతి చెప్పకుండా ఉండలేను. అది పుదుచ్చేరి. చుట్టూ ఆంధ్ర. 2002లో ఎదుర్లంక - యానాం వంతెన వచ్చాక గౌతమి పాయ దాటడం నిమిషాల పనైంది, అటూ ఇటూ పనికి తిరిగేవాళ్ళు పెరిగారు. 2012 జనవరిలో యానాంలో కార్మికుల గొడవ జరిగి, అక్కడి పెద్ద టైల్స్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ గొడవలో ప్రాణాలు పోయాయి, దాని జోలికి నేను పోను. నాకు తెలిసింది మా బస్సు సంగతే. షిఫ్టు టైముకి ఎదుర్లంక వైపు నుంచి ఎక్కి వంతెన దాటగానే దిగిపోయే కొందరు ఆ తరవాత కనబడలేదు. కొన్నాళ్ళకి వాళ్ళలో ఒకాయన కాకినాడ టికెట్ అడిగాడు, చేతిలో సర్టిఫికెట్ల కవరు. చూశారా, ఫ్యాక్టరీ పోయింది పుదుచ్చేరి ఖాతాలో. నిరుద్యోగం చేరింది ఆంధ్ర ఖాతాలో. యానాం అంకె చూసి ఫ్యాక్టరీ మూత ప్రభావం ఎంతో చెప్పాలనుకునేవాడికి ఎదుర్లంకలో ఖాళీగా కూర్చున్న మనిషి కనబడడు. ఎదుర్లంకలో నిరుద్యోగం ఎందుకు పెరిగిందా అని వెతికేవాడికి ఆ ఊళ్ళో మూతపడ్డ ఫ్యాక్టరీ కనబడదు.

రోజూ వెళ్ళివచ్చేవాళ్ళయినా ఇంటి లెక్కలో ఉంటారు. అసలు వెళ్ళిపోయినవాళ్ళు లెక్కలోనే ఉండరు. ఆరు నెలలు, అంతకుమించి ఇంటికి దూరంగా ఉండే మనిషిని సర్వేలో ఆ ఇంటి సభ్యుడిగా తీసుకోరు. మా మామిడికుదురు, రాజోలు, మలికిపురం వైపు కువైట్, మస్కట్, ఖతార్ వెళ్ళిన ఆడవాళ్ళు ఏ వీధికి వెళ్ళినా కనబడతారు, అంటే వాళ్ళు కట్టించిన ఇళ్ళు కనబడతాయి. ఊళ్ళో పని దొరక్క వెళ్ళిన మనిషి అటు ఉద్యోగిగానూ, ఇటు నిరుద్యోగిగానూ ఇక్కడ నమోదు కాదు. ఇంట్లో మిగిలేది అత్తగారు, ఇద్దరు పిల్లలు. వాళ్ళు పని వెతకరు కాబట్టి ఆ ఇంట్లో నిరుద్యోగం సున్నా. డీఎస్సీకి చదువుకోవడానికి అవనిగడ్డ హాస్టల్లో ఉండే పిల్లలదీ ఇదే కథ. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి పడినప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో బీఈడీ చేసినవాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారా అనిపించింది. హాస్టల్లో ఉండేవాళ్ళని ఒక్కొక్కరినీ ఒక్కో కుటుంబంగా అక్కడే లెక్కిస్తారు. కోనసీమ నిరుద్యోగి కృష్ణా జిల్లాలో చేరిపోతాడు, వాడికి పెట్టే ఖర్చు మాత్రం ఇక్కడి నాన్నది.

ఎంత ఎక్కువమంది విసిగి వెళ్ళిపోతే ఊరి శాతం అంత అందంగా తయారవుతుంది.

ఇంకో వైపు నుంచి చూడండి. సార్వా ఊడ్పులకి ఇప్పుడు బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. ఎకరానికింత అని గుత్తకి మాట్లాడుకుని, గట్టు మీదే వండుకుని, నెలా నెలన్నరలో ముగించి వెళ్ళిపోతారు. ఆరు నెలలలోపు ఉండి వెళ్ళేవాళ్ళు కాబట్టి వాళ్ళు మా లెక్కలోకి రారు. మా చేలో పని వాళ్ళ ఊరి ఖాతాలో, కాకినాడ షాపులో పని మా ఊరి ఖాతాలో. మా ఊళ్ళో ఊడ్పుల పనే లేదా అంటే ఉంది. ఆ కూలికి మా పిల్లలు రారు, ఇంటర్ దాటాక బురదలో దిగమంటే దిగరు. ఆ సంగతి మీద వేరే ఉత్తరం రాయొచ్చు.

సర్వే చేసే తీరు కూడా చెప్పాలి. టాబ్ పట్టుకుని వచ్చే పిల్లలు పగలు పదకొండు గంటలకో మూడింటికో వస్తారు. పాపం వాళ్ళకీ టార్గెట్లు, టెన్షన్లు ఉంటాయి. ఆ వేళకి పనిచేసే మనిషి ఇంట్లో ఉండడు కదా, అందుకే కదా పనిచేసే మనిషి అయ్యాడు. వీధి అరుగు మీదున్న పెద్దాయన జవాబులు చెప్తాడు. మా ఎదురింట్లో ఇదే జరిగింది. "మీ అబ్బాయి ఏం చేస్తారండీ?" "కాకినాడలో జాబండీ." "ఏం జాబు?" "ప్రైవేటండీ." "నెల జీతమా, రోజు కూలీనా?" ఆయనకి తెలియదు. కొడుకు ఒక కొరియర్ కంపెనీలో పార్సిల్‌కి ఇంత అని చేస్తున్నాడు. పార్సిళ్ళు లేని వారం ఇంటికే రాకుండా స్నేహితుడి రూములో ఉండిపోతాడు, తండ్రి అడుగుతాడేమోనని. ఆ పెద్దాయన చెప్పిన జవాబులో కొడుకు పర్మినెంటు ఉద్యోగి. ఆ ఇంటి కోడలు ఏం చేస్తుందని అడిగితే "ఏం చేయదండీ, ఖాళీగానే ఉంటుంది" అన్నాడు. ఆ అమ్మాయి నరసాపురం ఏజెంటు ఇచ్చిన దారంతో లోపల కూర్చుని లేసు అల్లుతోంది. నరసాపురం లేసుకి 2024లో జీఐ, అంటే ఈ ప్రాంతపు సరుకన్న గుర్తింపు కూడా వచ్చింది, అల్లే మనిషికి ఇంట్లోవాళ్ళ గుర్తింపే ఇంకా రాలేదు.

వారం లెక్క సంగతి కూడా ఒక మాట. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో రెండు కొలతలున్నాయి. ఏడాది మొత్తాన్ని చూసేది ఒకటి, అడిగిన రోజుకి ముందు ఏడు రోజులని చూసేది ఇంకొకటి. ఆ ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పని చేస్తే పని ఉన్నట్టే. రొయ్యల చెరువు పట్టుబడికి ఒక రాత్రి వెళ్ళినవాడూ, కొబ్బరి దింపుకి ఒక పూట పిలుపొచ్చినవాడూ ఆ వారానికి ఉపాధి ఉన్నవాళ్ళే. మరి 2022 జూలై వరదలో లంకలు మునిగి, బస్సులు ఆగిపోయి, షాపుకి వెళ్ళలేని అమ్మాయి? ఉద్యోగం ఉంది, ఆ వారం వెళ్ళలేదు, కాబట్టి ఆమె కూడా ఉద్యోగస్తురాలే. రాని రోజులకి షాపువాళ్ళు జీతం కోసుకున్నారన్నది ఆ శాతంలో కనబడదు. అంతర్జాతీయంగా ఇదే పద్ధతి అంటారు, నేను కాదనను. మేస్త్రీ పనులకి బయటికి వెళ్ళే ఊళ్ళకి మాత్రం ఇది బొత్తిగా సరిపోదు. వాళ్ళకి పని ఉండటం, లేకపోవడం మధ్య ఉన్నది ఒక్క బస్సు.

దీనికి మార్గం లేకపోలేదు. బ్రిటన్‌లో జిల్లా సరిహద్దులని పక్కన పెట్టి, జనం ఎక్కడ ఉండి ఎక్కడికి పనికి వెళ్తారో చూసి ఊళ్ళని గుంపులుగా కలుపుతారట. ఒక గుంపులో ఉండే పనివాళ్ళలో మామూలుగా నూటికి 75 మంది ఆ గుంపులోనే పని చేయాలి. అక్కడ పని చేసేవాళ్ళలో 75 మంది అక్కడే ఉండాలి. పెద్ద పట్నాలకి కాస్త సడలింపు ఇస్తారు. 2011 జనాభా లెక్కలని బట్టి ఆ దేశం మొత్తాన్ని అలా 228 ప్రాంతాలుగా విడదీశారు. నిరుద్యోగ శాతం అలాంటి ప్రాంతానికి వేస్తే మనిషీ పనీ చాలావరకు ఒకే చోట పడతాయి కాబట్టి ఆ అంకెని నమ్మొచ్చు. మా అమ్మాయి ఇది చెప్పగానే నాకు నా రూట్లు గుర్తొచ్చాయి. నన్నడిగితే ముమ్మిడివరం, ఐ.పోలవరం యానాం - కాకినాడ గుంపు. రావులపాలెం, కొత్తపేట రాజమండ్రి గుంపు. రాజోలు, మలికిపురం పాలకొల్లు - భీమవరం వైపు. సఖినేటిపల్లి నరసాపురానిది. అమలాపురం చుట్టూ ఉన్న నాలుగు మండలాలే తమకి తాము. కోనసీమ జిల్లా ఒక్కటే అయినా పని విషయంలో ముక్కలు ముక్కలు. ఇది బస్సులో నిలబడి చూసి చెప్తున్న మాట. లెక్కపెడితే గీత అటో ఇటో జరగొచ్చు.

లెక్కపెట్టడానికి అవకాశం కూడా ఇప్పుడే వచ్చింది. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు జరగబోతున్నాయి, మార్చి 1 నాటికి లెక్క తేలాలి. 2011లో పని చేసే చోటు ఇంటికి ఎంత దూరం, ఎలా వెళ్తారు అని అడిగారు. అది కూడా సేద్యం, వ్యవసాయ కూలి, ఇంటి పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవాళ్ళకే లెక్కకట్టారు. జవాబులు 11 నుంచి 20 కిలోమీటర్లు, 21 నుంచి 30 అంటూ గళ్ళలో పడ్డాయి. అమలాపురం మనిషి ఇరవై కిలోమీటర్లు వెళ్తున్నాడంటే తూర్పుకి వెళ్తున్నాడా పడమరకా? రాజోలు వైపా, ముమ్మిడివరం వైపా? దూరం ఒక్కటే తెలిస్తే బస్సు ఎటు వేస్తారు? పనికి వెళ్ళే ఊరి పేరో పట్నం పేరో ఒక్క గడిలో రాయిస్తే చాలు. వ్యవసాయ కూలీలని కూడా అడగాలి. ఊడ్పులకి, కోతలకి మా ఆడవాళ్ళు తెల్లవారుజామునే ఆటోల్లో కిక్కిరిసి, ఏటి వంతెనలు దాటి వెళ్ళి వస్తారు. ఆ ఆటోలు బోల్తా పడిన రోజునే వాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో పేపర్లలో వస్తుంది.

జనాభా లెక్కల ఫలితాలు ఊరూరికీ పట్టికలుగా బయటికి వచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. ఈలోపు చేయగలిగింది ఒకటుంది. ప్రతి టికెట్టూ ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, టైముతో సహా మిషన్‌లో పడుతుంది. మా రోజుల్లో ఎస్‌ఆర్ షీటు మీద చేత్తో రాసేవాళ్ళం, ఇప్పుడు ఆ బాధ లేదు. జీరో టికెట్లు వచ్చాక ఆడవాళ్ళ ప్రయాణాలు ఇంకా పక్కాగా నమోదవుతున్నాయి. పొద్దున ఐదు నుంచి ఎనిమిది మధ్య ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎన్ని టికెట్లు తెగాయో, సాయంత్రం ఆరు నుంచి పది మధ్య తిరిగి ఎన్ని తెగాయో కలిపి చూస్తే రోజువారీ పనికి వెళ్ళేవాళ్ళ దారి చాలావరకు బయటపడుతుంది. ఎవరి పేరూ, ఆధార్ నంబరూ అక్కర్లేదు. బైకుల మీద వెళ్ళే కుర్రాళ్ళు ఇందులో రారు, రొయ్యల ప్లాంట్ల వ్యాన్లలో వెళ్ళే ఆడవాళ్ళు రారు. వాళ్ళ కోసం ఎదుర్లంక, జొన్నాడ, చించినాడ వంతెనల దగ్గర ఒక వారం మనుషులని పెట్టి బండ్లు లెక్కించి, పదిమందిలో ఒకరిని ఆపి ఎక్కడికని అడిగితే సరిపోతుంది. ఆ అడగడం కూడా వెళ్ళేటప్పుడు కాదు, సాయంత్రం వచ్చేటప్పుడు అడగండి. పొద్దున ఆపితే తిడతారు.

అమలాపురంలోని ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వారు ఆర్టీసీ దగ్గర నుంచి ఆ టికెట్ల లెక్క తెప్పించుకుని, మండలానికొక పట్టిక వేయాలని నా మనవి. మూడు అంకెలు చాలు: ఇక్కడ ఉండి పని చేసేవాళ్ళు, ఇక్కడి నుంచి బయటికి వెళ్ళేవాళ్ళు, బయటి నుంచి ఇక్కడికి వచ్చేవాళ్ళు. నిరుద్యోగ శాతం ఎప్పుడు ప్రకటించినా దాని పక్కన ఈ మూడూ వేయమనండి. అన్ని మండలాలూ ఒకేసారి కుదరకపోతే అమలాపురం - కాకినాడ, రాజోలు - పాలకొల్లు రూట్లతో మొదలుపెట్టొచ్చు. సంక్రాంతి నెలనీ, పెళ్ళిళ్ళ ముహూర్తాలున్న వారాలనీ మాత్రం వదిలేయాలి. ఆ రోజుల్లో బస్సు ఎంత నిండినా పనికి వెళ్ళేవాళ్ళు అందులో పదిమంది కూడా ఉండరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మహిళా కండక్టర్,
మామిడికుదురు మండలం, కోనసీమ జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)